పడకగదిని రాజసంగా మార్చుకోవాలంటే: మన ఎండకు, మన నేతకు ఒప్పే స్టైల్స్

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు ఇప్పుడు హాలుకంటే ముందు మాస్టర్ బెడ్‌రూమ్ గురించి అడుగుతున్నారు. ఫోన్‌లో దాచిపెట్టుకున్న ఫొటోలు తీసి, అచ్చం ఇలాగే కావాలి అంటారు. ఆ ఫొటోల్లో ఎక్కువ చలిదేశాల గదులే ఉంటాయి. వెల్వెట్ హెడ్‌బోర్డ్, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్పెట్, నేల దాకా దిగిన అద్దాల కిటికీ. ఎండ ఎంత లోపలికొస్తే అంత సంతోషం అనుకునే చోట పుట్టినవి కాబట్టి అవి అక్కడ కుదిరాయి. మన దగ్గర మే నెలలో ఎండ 42, 44 డిగ్రీలకు పోతుంది, గాలితోపాటు దుమ్ము వస్తుంది, చాలా ఊళ్లలో బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ గదిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే మొదటి ఎండాకాలంలోనే మోజు తీరిపోతుంది.

అందుకే స్టైల్ ఏదైనా సరే, డబ్బు ముందు ఒంటికి తగిలేవాటి మీద పెట్టండి, కంటికి కనబడేవాటి సంగతి ఆ తర్వాత. పరుపు, దుప్పటి, మెత్తలు, పాదం కింద నేల, పడుకున్నచోటే చేయి చాపితే అందే స్విచ్, పొద్దున్నే మొహం మీద వెలుగు పడకుండా ఆపే కర్టెన్. ఇవి బాగుంటే గది సగం రాజసంగా మారినట్టే. ఇవి వదిలేసి సీలింగ్‌కి, గోడ ప్యానెళ్లకి బడ్జెట్ అంతా పోసి చివర్లో పరుపు దగ్గర చేయి బిగబట్టే ఇళ్లు చాలానే ఉన్నాయి, చూస్తే బాధేస్తుంది.

ముందు గది చల్లబడాలి

వాస్తు ప్రకారం ఇంటి యజమాని గది నైరుతిలో ఉండాలని మన దగ్గర దాదాపు అందరూ పట్టుబడతారు. దాన్ని మార్చుకోమని నేను చెప్పను. కానీ ఎండ లెక్కలో చూస్తే ఇంట్లోకెల్లా వేడి మూల అదే. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకేదాకా పడమటి గోడ కాలుతుంది. ఆ గోడ, పైనున్న స్లాబ్ పీల్చుకున్న వేడిని రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వదులుతూనే ఉంటాయి. ఏసీ నడుస్తున్నా గోడకు చేయి ఆనిస్తే వెచ్చగా తగిలే గదిలో ఎంత ఖరీదైన ఫర్నిచర్ పెట్టినా నిద్ర పట్టదు.

దీనికి పై నుంచి మొదలుపెట్టాలి. బెడ్‌రూమ్ మీద ఇంకో అంతస్తు లేకపోతే డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ, వైట్ టైల్స్ గానీ వేయించండి. ఇది కొత్త సంగతేమీ కాదు, 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. స్తోమత లేకపోతే ఎండాకాలం ముందు సున్నం పూసినా తేడా తెలుస్తుంది. పడమటి కిటికీకి బయట సజ్జ పెద్దదిగా పెట్టించండి, అది చాలకపోతే నిలువు పట్టీలతో ఒక జాలీ కట్టించండి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అప్పటికే అద్దం దాటిన వేడి లోపల ఉన్నట్టే. బయటే ఆపితేనే ఫలితం.

ఇంకో చిట్కా, దీన్ని ఇంటీరియర్ చేసేవాళ్లు కూడా చాలామంది చెప్పరు. పడమటి గోడకు మంచం తలవైపు ఆనించకుండా వార్డ్‌రోబ్‌ను నిలబెట్టండి. గోడకూ గదికీ మధ్య రెండడుగుల అడ్డం ఏర్పడుతుంది, వేడి అక్కడే చాలావరకు ఆగిపోతుంది. మంచం తలవైపు దక్షిణపు గోడకు పెడితే వాస్తు చూసేవాళ్లకీ ఇబ్బంది ఉండదు. కాకపోతే బయటి గోడకు వానాకాలం చెమ్మ దిగకుండా ముందే వాటర్‌ఫ్రూఫింగ్ చేయించి, వార్డ్‌రోబ్ వెనక అంగుళం ఖాళీ వదలాలి. లేకపోతే రెండేళ్లకే లోపలి బట్టలు ముక్కిపోయిన వాసన వస్తాయి, ప్లైవుడ్ ఉబ్బుతుంది.

ఏసీ సంగతి: 10×12 గదికి ఒక టన్ను సరిపోతుంది, కానీ పై అంతస్తులో, పడమటి ఎండ పడే 12×14 గదికి టన్నున్నర కావాలి. గాలి నేరుగా పడుకున్నవాళ్ల మొహానికి కొట్టకుండా మంచానికి పక్కవైపు గోడ మీద బిగించండి.

నేల

ఇటాలియన్ మార్బుల్ వేస్తేనే లగ్జరీ అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. తాండూరు బండలు మనకు పక్కనే దొరుకుతాయి, నీలం చాయ ఉన్న బూడిద రంగులో ఒకటి, పసుపులో ఒకటి. బాగా పాలిష్ పట్టి, సందులు సన్నగా పెట్టి వేస్తే ఎండాకాలం చెప్పుల్లేకుండా నడిస్తే ఎంత హాయిగా ఉంటుందో. పెద్ద సైజు పలకలు, 2×2 గానీ 2×3 గానీ అడగండి, ఒకే లోడులో రంగు కలిసేటట్టు ముందే ఏరించుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. ఇది సున్నపురాయి. గృహప్రవేశం ముందు సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడిగే అలవాటు మన మేస్త్రీలకు ఉంది, ఆ యాసిడ్ తాండూరు బండనీ మార్బుల్‌నీ కూడా తినేస్తుంది, పాలిష్ పోయి తెల్లటి మచ్చలు పడతాయి, మళ్లీ మిషన్ పెట్టి అరగదీయిస్తే తప్ప పోవు. ఆ రోజు దగ్గరుండి వద్దని చెప్పండి.

మంచానికి రెండువైపులా కాలు పెట్టేచోట చిన్న దర్రీ గానీ, కాటన్ రగ్గు గానీ పరిస్తే చాలు. ఉతుక్కోవచ్చు, దులుపుకోవచ్చు. గదంతా కార్పెట్ వేస్తే మన దుమ్ముకి దాన్ని శుభ్రంగా ఉంచడం తలకు మించిన పని, తుమ్ములూ ఆస్తమా ఉన్నవాళ్లుంటే అసలే వద్దు.

కరెంటు పని గిలాబుకు (ప్లాస్టరింగ్‌కు) ముందే తేల్చుకోండి

మంచం ఎక్కడ వస్తుందో గోడ మీద సుద్దముక్కతో గీసి చూసుకున్న తర్వాతే పైపులు వేయించండి. లైటుకీ ఫ్యానుకీ టూ వే స్విచ్, ఒకటి దర్వాజ దగ్గర, ఒకటి మంచం పక్కన. మంచానికి రెండు పక్కలా నేల నుంచి 24 నుంచి 27 అంగుళాల ఎత్తులో ప్లగ్ పాయింట్లు పెడితే చార్జర్ వైరు వేలాడదు. ఫ్యాను, ఒక చిన్న లైటు ఇన్వర్టర్ లైన్‌లో ఉండాలి. బీఎల్‌డీసీ ఫ్యాను తీసుకుంటే 30 వాట్ల దగ్గరలోనే నడుస్తుంది, మామూలు ఫ్యానుకు 75 వాట్ల దాకా కావాలి, పైగా చప్పుడు తక్కువ.

లైటు రంగు విషయంలో షాపువాళ్లు చెప్పిందల్లా వినకండి. బాగా వెలుగొస్తుందని 6500 కెల్విన్ తెల్ల లైట్లు అంటగడతారు, అవి పడకగదిలో వేస్తే ఆఫీసులో కూర్చున్నట్టు ఉంటుంది. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉండే పసుపు చాయ వెలుగే తీసుకోండి. అద్దం దగ్గర, వార్డ్‌రోబ్ దగ్గర మాత్రం 4000 పెట్టుకుంటే చీర రంగు సరిగ్గా తెలుస్తుంది.

ఫాల్స్ సీలింగ్ గదంతా దించకండి. పదడుగుల స్లాబ్ ఉన్నప్పుడు చుట్టూ ఒకటిన్నర అడుగు వెడల్పుతో అయిదారు అంగుళాలు దించి, మధ్యలో స్లాబ్‌ను అలాగే వదిలేస్తే గది ఎత్తు తగ్గదు, ఫ్యాను స్లాబ్ కొక్కేనికే వేలాడుతుంది. చిన్న డౌన్‌లైట్లు బిగించేటప్పుడు అవి ఫ్యాను రెక్కలు తిరిగే పరిధికి బయట ఉండేటట్టు చూసుకోండి. రెక్కల పైన లైటుంటే తిరిగిన ప్రతిసారీ నీడ పడి గదంతా మిణుకు మిణుకు మంటుంది, పుస్తకం చదవలేం, తలనొప్పి వస్తుంది. కొత్త ఇళ్లలో ఎక్కువగా కనబడే తప్పు ఇదే, తర్వాత సరిచేయాలంటే సీలింగ్ కోయాలి.

ఇక స్టైల్స్

మన సంస్థానాల, గడీల తీరు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే, మొహమాటం లేకుండా చెప్తున్నాను. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు ఏలిన నేల ఇది. వనపర్తి రాజప్రాసాదంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. అటు పోయినప్పుడు ఆ పాత కట్టడాల గోడల మందం, కప్పుల ఎత్తు, దర్వాజల నిష్పత్తి కాస్త నిలబడి చూడండి. ఏసీల్లేని రోజుల్లో సుఖంగా ఎలా పడుకున్నారో అర్థమవుతుంది.

ఈ స్టైల్‌కి ప్రాణం పందిరి మంచం. నాలుగు కోళ్ల మీద ఆరున్నర, ఏడు అడుగుల ఎత్తులో పట్టీలు, పైన తెరిచి ఉంచండి. పైన బట్ట కప్పేస్తే ఫ్యాను గాలి కిందికి దిగదు. చుట్టూ పల్చటి తెల్ల నెట్ వేలాడదీస్తే దోమతెర పనీ అయిపోతుంది, పగలు దాన్ని కోళ్లకు చుట్టి కట్టేస్తే అందంగానూ ఉంటుంది. అయిదువందల రూపాయల మడత దోమతెర ఖరీదైన మంచం మీద విప్పి పెట్టుకునే అవస్థ తప్పుతుంది.

కోళ్లకీ హెడ్‌బోర్డ్ చట్రానికీ మాత్రం అసలు టేకు వాడండి. బల్హర్షా టేకు పేరు మన దగ్గర అందరికీ తెలిసిందే, కానీ పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, దర్వాజలు అమ్మే దుకాణాల్లో అంతకంటే మంచి కలప దొరుకుతుంది. దశాబ్దాలు ఎండిన కర్ర కాబట్టి వంకర పోదు, పగలదు. కొనేముందు చివర్లు చూడండి, చెద తొలిచిన బొక్కలు, లోపల బోలు ఉందేమో తట్టి చూడండి, మేకులన్నీ పీకించాకే మిల్లుకు పంపండి. పాత చెక్కుడు దర్వాజ ఒకటి దొరికితే దాన్ని అడ్డంగా పెట్టి హెడ్‌బోర్డ్ చేయించవచ్చు, దానికి మెరిసే పాలిష్ కొట్టించకండి, మ్యాట్ చాలు.

గోడలో పాతకాలపు గూడు లాంటిది ఒకటి రెండు కట్టించి, లోపల సన్నటి వెచ్చని లైటు పెట్టి, పెంబర్తి ఇత్తడి బొమ్మ ఒకటి ఉంచండి. ఒక్కటే. నాలుగు పెడితే బొమ్మల దుకాణం అవుతుంది. గోడలకు సున్నపు చాయ తెలుపు గానీ, లేత గంధం రంగు గానీ వేయండి. ఇంట్లో బీరువా అడుగున పడి ఉన్న అమ్మమ్మ గద్వాల చీర ఉంటే, బాడీ కాటన్ చిరుగులు పట్టినా పట్టు అంచు, కొంగు బాగానే ఉంటాయి, వాటిని ఫ్రేమ్ కట్టించి మంచం మీది గోడకు పెట్టండి. నారాయణపేట చీర గళ్ల బట్ట కుషన్లకు బాగా ఒప్పుతుంది. పట్టును ఎండ పడే కిటికీకి కర్టెన్‌గా మాత్రం వాడొద్దు, ఎండకు దారం పుచ్చి చీలికలవుతుంది.

ఆధునిక, మినిమల్. ఇప్పుడు ఎక్కువమంది చేయిస్తున్నది ఇది. గీతలు తిన్నగా, హ్యాండిల్ కనబడని వార్డ్‌రోబ్‌లు, ఒక గోడకు నిలువు గాడులుండే ఫ్లూటెడ్ ప్యానెల్, దాని వెనక ఎల్‌ఈడీ స్ట్రిప్. దీంట్లో తక్కువ వస్తువులుంటాయి కాబట్టి పని నాణ్యత దాచుకోవడానికి చోటుండదు, తలుపుల మధ్య సందు ఒకచోట రెండు మిల్లీమీటర్లు, ఇంకోచోట అయిదు ఉంటే గదిలోకి రాగానే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాబట్టి కార్పెంటర్ పాత పని ఒకటి చూశాకే ఒప్పుకోండి. ప్యానెళ్ల గాడులు దుమ్ముకు నిలయాలు, నేల నుంచి మొదలుపెట్టకుండా హెడ్‌బోర్డ్ ఎత్తు నుంచి పైకి పెట్టిస్తే తుడవడం కొంత నయం. బాగా మెరిసే హై గ్లాసీ అక్రిలిక్ మీద వేలిముద్రలు, గీతలు వెంటనే కనబడతాయి, పిల్లలున్న ఇంట్లో మ్యాట్ లామినేట్ మేలు.

స్కాండినేవియన్, జపాండీ (జపాన్, స్కాండినేవియా తీరులు కలిపింది). స్వీడన్, నార్వే లాంటి దేశాల్లో చలికాలం పగటి వెలుగు కొద్ది గంటలే ఉంటుంది, ఆ కొద్ది వెలుగు గదంతా పరుచుకోవాలనే వాళ్లు గోడలకు తెలుపు వేసుకుంటారు. మన దగ్గర వెలుగుకు కొదవ లేదు, తళతళలాడే తెలుపు వేస్తే మధ్యాహ్నం కళ్లు పొడుచుకుంటాయి. అందుకని మీగడ తెలుపు, లేత బూడిద, మట్టి రంగులకు దిగండి. లేత చెక్క, నార బట్టలు, ఒకటో రెండో మొక్కలు, మిగతాది ఖాళీ. జపాండీలో మంచం నేలకు ఆనినట్టు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది శిక్షే. పరుపుతో కలిపి 18 నుంచి 22 అంగుళాల ఎత్తు ఉంటే ఎవరైనా ఇబ్బంది లేకుండా కూర్చుని లేవగలరు. మంచం కింద చీపురు దూరేంత సందైనా వదలండి, లేదంటే పూర్తిగా మూసేయండి, మధ్యరకంగా రెండు అంగుళాలు వదిలితే అక్కడ చేరిన దుమ్మును ఎవరూ తీయలేరు.

యూరోపియన్ క్లాసిక్. మోల్డింగ్‌లు, షాండిలియర్, బటన్లు కుట్టిన ఎత్తైన హెడ్‌బోర్డ్, బంగారు చాయ అంచులు. పెద్ద గది, పదకొండు పన్నెండు అడుగుల కప్పు ఉంటే కళ్లు చెదిరేలా వస్తుంది. మామూలు పదడుగుల గదిలో చేయాలనుకుంటే షాండిలియర్ వదిలేసి గోడ మోల్డింగ్‌లతో సరిపెట్టండి. అవి కూడా గోడ రంగులోనే వేయాలి, బంగారు రంగు పూస్తే ఫంక్షన్ హాల్ స్టేజీ గుర్తొస్తుంది. నేల నుంచి మూడడుగుల దాకా ఒక వరస, దానిపైన పెద్ద చతురస్రాలు, మొత్తం అంతే. హెడ్‌బోర్డ్‌కి వెల్వెట్ బదులు మందపాటి కాటన్ లేదా నార బట్ట అడగండి, కవర్ ఊడదీసి ఉతుక్కునేలా జిప్ పెట్టమనండి. తలకు రాసుకున్న కొబ్బరినూనె మరక ఆర్నెల్లలో కనబడుతుంది కాబట్టి ఈ జిప్ మాట గట్టిగా చెప్పండి.

ఆర్ట్ డెకో. 1925లో పారిస్‌లో జరిగిన ప్రదర్శనతో ఈ శైలికి ఊపు వచ్చింది, ముంబై మెరైన్ డ్రైవ్ భవనాల గుండ్రటి బాల్కనీలు దాని గుర్తులే, వాటికి 2018లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. పడకగదిలోకి తేవాలంటే మెట్లు మెట్లుగా ఉండే హెడ్‌బోర్డ్, విసనకర్ర ఆకారం అద్దం, ముదురు ఆకుపచ్చ లేదా నెమలి నీలం గోడ ఒకటి, ఇత్తడి హ్యాండిళ్లు. పెద్ద హోటల్ గదిలా కావాలి అనేవాళ్లకు నేను చెప్పేది దీన్నే, ఎందుకంటే ముదురు రంగు గదిని నిద్రకు సిద్ధం చేస్తుంది, మరీ వస్తువులు కొనాల్సిన పని లేదు. ఆ ముదురు గోడ ఎండ పడే పడమటిది కాకూడదు.

మిడ్ సెంచరీ, అంటే 1950ల నాటి తీరు. సన్నటి ఏటవాలు కాళ్లు, టేకు, కేన్ అల్లిక. చండీగఢ్ కోసం 1950ల్లో ఆర్కిటెక్ట్ పియరీ జనరే రూపొందించిన టేకు, కేన్ కుర్చీలను ఇప్పుడు విదేశాల్లో వేలంపాటల్లో పెద్ద ధరలకు కొంటున్నారు. కేన్ అల్లిక గాలి ఆడనిస్తుంది కాబట్టి మన వాతావరణానికి చక్కగా కుదురుతుంది, వార్డ్‌రోబ్ తలుపులకు పెడితే లోపల బట్టలు ముక్కవు. కాకపోతే బాగా పొడి ఎండల్లో అల్లిక బిగుసుకుని తెగుతుంది, అప్పుడప్పుడు తడిగుడ్డతో వెనకవైపు తుడవాలి.

బోహో. రంగులు, కుట్లు, పొరలు పొరలుగా బట్టలు. దీనికి సామాను ఆన్‌లైన్‌లో రాజస్థాన్ నుంచి తెప్పించుకుంటారు గానీ, దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో లంబాడా ఆడవాళ్లు వేసే అద్దాల కుట్టుపని మన కళ్లముందే ఉంది. పెద్దవాళ్లు ఇంకా కుడుతున్నచోట అడిగి, సరైన ధర ఇచ్చి, రెండు కుషన్ కవర్లు, మంచం చివర పరిచే ఒక పట్టీ కుట్టించుకోండి. బేరం ఆడకండి, ఒక్కో కవర్‌కి ఎంత చేతిపని పడుతుందో దగ్గర కూర్చుని చూస్తే మీకే తెలుస్తుంది. అద్దాల పని తలకింద మెత్తకు వద్దు, గుచ్చుకుంటుంది, వెనక ఆనుకునే కుషన్లకే.

ఇండస్ట్రియల్ గురించి పెద్దగా చెప్పేది లేదు. న్యూయార్క్‌లో 1960, 70ల్లో ఖాళీ పడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లో ఆర్టిస్టులు కాపురం పెట్టినప్పుడు వచ్చింది, ప్లాస్టరింగ్ లేని ఇటుకలు, బయటకు కనబడే పైపులు. మన దుమ్ముకి ఆ ఇటుక గోడ పడకగదిలో పనికిరాదు. ఇష్టమైతే నల్ల ఇనుప మంచం, సిమెంటు చాయ గోడతో ఆపేయండి.

బట్టలు: అసలు లగ్జరీ ఇక్కడ

మన జిల్లాల్లో ఉంటూ పాలిస్టర్ బెడ్‌షీట్ మీద పడుకోవడం నాకు మింగుడుపడదు. పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక నేతగాళ్లు మనకు బస్సు దూరంలో ఉన్నారు. ఇక్కత్ కాటన్ బెడ్‌షీట్లు, కర్టెన్ బట్ట మీటర్ల లెక్కన దొరుకుతుంది.

కొనేముందు బట్టను తిరగేసి చూడండి. ఇక్కత్‌లో నేయకముందే నూలును కట్టి రంగులో ముంచుతారు కాబట్టి రంగు దారం లోపలిదాకా ఉంటుంది, ముందూ వెనకా ఒకే తీరుగా కనబడతాయి. ప్రింట్ బట్ట వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. ఇంకా అనుమానముంటే అంచులో ఒక దారం లాగి చూడండి, కొంత మేర ఎరుపు, కొంత మేర తెలుపు, మళ్లీ నలుపు, ఇలా ఒకే పోగులో రంగులు మారుతుంటాయి. డిజైన్ అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, ఒక రంగు పక్కదాంట్లోకి వెంట్రుకవాసి జరిగి మసకగా ఉంటుంది. మిషన్ ప్రింట్‌లో ఆ మసక కూడా కాపీ కొడతారు, అందుకే దారం లాగి చూడమంటున్నాను. ఆ ఒక్క పోగు వెనక ఆసు పోయడం అనే పని ఉంది, మేకుల చుట్టూ నూలును వేల సార్లు చేత్తో తిప్పాలి, ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పుట్టపాక తేలియా రుమాలు బట్టకు 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో నానబెట్టి నేస్తారు, ఎరుపు, నలుపు, తెలుపు రంగులు. ఖరీదు ఎక్కువ కాబట్టి దుప్పటిగా వాడకుండా ఒక ముక్కను అద్దాల ఫ్రేములో బిగించి హెడ్‌బోర్డ్ పైన పెడితే ఆ గదికి ఇంకో అలంకారం అక్కర్లేదు.

ఇక్కత్‌తో ఒక నియమం పాటించండి: ఒక గదిలో ఒక్క పెద్ద డిజైనే. బెడ్‌షీట్ ఇక్కత్ అయితే కర్టెన్ సాదా, కర్టెన్ ఇక్కత్ అయితే బెడ్‌షీట్ సాదా. రెండూ పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. మొదటిసారి వేరుగా చల్లటి నీళ్లలో ఉతకండి, నీడలో ఆరేయండి. బోరు నీళ్లకు బట్ట బిరుసెక్కుతుంటే మిషన్ చివరి నీళ్లలో కొద్దిగా వెనిగర్ పోయండి.

సాదా తెల్ల బెడ్‌షీట్ కావాలంటే పర్కేల్ (ఒక పోగు పైన, ఒక పోగు కింద పోయే సాదా) నేత అడగండి, 200 నుంచి 400 త్రెడ్ కౌంట్ (చదరపు అంగుళంలో పోగుల లెక్క) చాలు, ఒంటికి చల్లగా ఉంటుంది. 1000 అని రాసినవాటిలో చాలావరకు సన్న పోగులు మెలేసి లెక్క పెంచినవే, గాలి ఆడదు. సాటిన్ మెరుస్తుంది గానీ ఎండాకాలం వెచ్చగా అనిపిస్తుంది.

కర్టెన్లు రెండు పొరలు: లోపల పల్చటిది, దానిపైన బ్లాకౌట్ అస్తర్ వేసిన కాటన్. రాడ్‌ను కిటికీకి ఆరు అంగుళాల పైన, రెండు పక్కలా పది అంగుళాలు ఎక్కువగా బిగిస్తే చిన్న కిటికీ కూడా పెద్దగా కనబడుతుంది. బట్ట వెడల్పు కిటికీకి రెండు, రెండున్నర రెట్లు తీసుకోవాలి, ఇక్కడ పిసినారితనం చేస్తే కర్టెన్ ఆరేసిన గుడ్డలా వేలాడుతుంది. కింద అర అంగుళం వదలండి, తడిగుడ్డ పెట్టినప్పుడు తడవకుండా ఉంటుంది.

వార్డ్‌రోబ్, ప్లైవుడ్

బాత్‌రూమ్ గోడకు ఆనుకున్న వార్డ్‌రోబ్‌కి నీళ్లను తట్టుకునే ఐఎస్ 710 గ్రేడ్ ప్లైవుడ్, మిగతావాటికి ఐఎస్ 303 సరిపోతుంది. షీట్ మీద ఐఎస్‌ఐ ముద్ర, నంబర్ మీరే చూసుకోండి, వచ్చిన ప్రతి షీట్ ఫొటో తీసి పెట్టుకోండి. 710 రకం 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు, అనుమానమొస్తే కోసిన ముక్క ఒకటి గిన్నెలో వేసి కొన్ని గంటలు మరిగించండి, నకిలీది అప్పుడే నోరు తెరుస్తుంది. లోతు 24 అంగుళాలు, స్లైడింగ్ అయితే ఇంకో రెండు మూడు కలపాలి. తలుపు తెరిచాక మంచానికీ దానికీ మధ్య మనిషి నిలబడేంత చోటు, కనీసం రెండడుగులు లేకపోతే స్లైడింగే గతి. చెదల మందు పునాదిలోనే కొట్టించి ఉంటే మంచిది, లేదంటే పని మొదలుపెట్టే ముందు గోడల మూలల్లో కొట్టించండి. ఎర్రమట్టి నేలల్లో ఇది వదిలేస్తే అసలుకే మోసం.

పరుపు చివర్లో కొంటారు గానీ కొలత మాత్రం మంచం చేయించకముందే తేల్చుకోవాలి. కింగ్ సైజు 72×78 అంగుళాలు, క్వీన్ 60×78, కొన్ని కంపెనీలు 75 పొడవుతో ఇస్తాయి, ఆ మూడు అంగుళాల తేడాకు కాళ్లవైపు సందు మిగిలిపోయి దుప్పటి అందులోకి జారుతుంది. ఆరడుగుల మనిషి ఉన్న ఇంట్లో 84 అడిగి చేయించుకోవచ్చు. మెమరీ ఫోమ్ ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, మన దగ్గర లేటెక్స్ గానీ, పైన కాటన్ పొర ఉన్న స్ప్రింగ్ గానీ హాయి. షాపులో కూర్చుని నొక్కి చూస్తే ఏమీ తెలియదు, చెప్పులు విప్పి పది, పదిహేను నిమిషాలు మీరు రోజూ పడుకునే పక్కకు తిరిగి పడుకోండి. ఇంట్లో దాని మీద పడుకునేది ఇద్దరైతే ఇద్దరూ వెళ్లి పడుకుని చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.